పెట్టె లోపలి లోగిలి: ఒక హార్మోనియం ఫొటోల డైరీ

జ్యేష్ఠం ఆఖరు

ఆషాఢం దగ్గర పడిందంటే మా వైపు పెళ్లి ఫొటోగ్రాఫర్లకి చేతులు ఖాళీ. నాకు కావలసిందీ అదే. భీమవరంలో ఒక స్టూడియోవాళ్ల దగ్గర లావోవా 24 ఎంఎం ప్రోబ్ లెన్సు ఉంది. సన్నటి గొట్టం, 40 సెంటీమీటర్ల పొడుగు, కొస దగ్గర 2 సెంటీమీటర్ల మందం. తలంబ్రాల పళ్లెంలో మొదలై పెళ్లికూతురి వడ్డాణం దాకా దూసుకుపోయే షాట్లు ఇలాంటి లెన్సుతో తీసేవే. ముహూర్తాలున్న రోజుల్లో అడిగితే నవ్వి ఊరుకుంటారు. ఆషాఢం మొత్తానికి అద్దె మాట్లాడుకున్నాను. సోనీ మౌంటు లెన్సు కాబట్టి ఏ7 త్రీ కెమెరా బాడీ కూడా వాళ్లదే. శ్రావణంలో మొదటి ముహూర్తానికి ముందురోజు తిరిగిచ్చేయాలి, అదొక్కటే షరతు.

ఈ పిచ్చి నాకు అంటించింది న్యూజిలాండ్ ఫొటోగ్రాఫర్ చార్లెస్ బ్రూక్స్. ఆయన ముందు చెల్లో వాయించేవాడు, తర్వాత కెమెరా పట్టాడు. చెల్లోలు, వయొలిన్లు, గ్రాండ్ పియానోల లోపల ఇలాంటి లెన్సే దూర్చి ఆయన తీసిన ఫొటోలు చూస్తే అవి వాయిద్యాలని తట్టదు. ఎవరో ధనవంతుడు కట్టించిన భవనం అనుకుంటాం. నాకూ ఒక పియానో ఎక్కడైనా దొరుకుతుందా అని కొన్నాళ్లు వాకబు చేశాను. తర్వాత అనిపించింది, గోదావరి జిల్లాల్లో కూర్చుని పియానో కోసం వెతకడం ఏమిటని! ఊరూరా పందిరి వేసి పద్యనాటకం ఆడించిన నేల ఇది. అటకల మీద ఎన్ని హార్మోనియం పెట్టెలు మూలుగుతున్నాయో.

ఇంకో సంగతి. గ్రాండ్ పియానో పైమూత ఎత్తితే సగం లోపలిభాగం ఎలాగూ కనిపిస్తుంది. 88 మెట్లు, రెండు వందల పైచిలుకు తీగలు, అన్నీ కలిసి 20 టన్నుల దాకా లాగుతుంటే ఆ బరువు మోసే పోత ఇనప చట్రం, అంతా కళ్ల ముందే. సరిగా దాగి ఉండేది మెట్ల వెనకాల సుత్తుల అమరికే. హార్మోనియంలో దాగనిదంటూ లేదు. గాలి ఎక్కడా కారకూడదు కాబట్టి పెట్టెని అన్ని వైపులా బిగించేస్తారు. గాలి దూరని చోట వెలుతురు మాత్రం ఎలా దూరుతుంది? ఈ పనిలో అసలు చిక్కు అదేనని ముందే తెలుసు.

పెట్టె దొరికింది

పాలకొల్లుకీ నరసాపురానికీ మధ్య ఒక ఊళ్లో, స్నేహితుడి ఇంట్లో. వాళ్ల తాతగారు నాటకాలకి హార్మోనియం వాయించేవారు. ఆయన పోయాక పెట్టె గుడ్డలో చుట్టి అటకెక్కించారు. స్నేహితుడి అమ్మగారిని నేను పిన్నిగారంటాను. విషయం చెప్పగానే, "తీసుకో బాబూ, దానికేం. మా మావయ్యగారుండగా చీర కొంగు తగిలినా ఊరుకునేవారు కాదు. ఇప్పుడు అడిగేవాళ్లెవరూ?" అన్నారు. ఆవిడ పెట్టిన షరతు కూడా ఒకటుంది: ఫొటోల తర్వాత పెట్టె పలకాలి. రిపేరు ఖర్చు నాది.

మూడున్నర స్థాయిల పెట్టె. 42 మెట్లు, మెట్టుకి రెండేసి రీడ్లు, ఒక వరస బాస్ (కింది స్థాయి), ఒక వరస మేల్ (దాని పై స్థాయి). మొత్తం 84 ఇత్తడి నాలికలు. తిత్తి వెనక వైపు. ఎడమ పక్క చెక్క మీద ఎప్పుడో పగులు వస్తే ఎవరో గుండ్రటి అతుకు వేశారు, దాదాపు పదిరూపాయల బిళ్లంత. నా కన్ను మొదట పడింది దాని మీదే. ఆ అతుకు ఊడదీస్తే నా లెన్సు కొస పడుతుంది. కొత్తగా బొక్క కొట్టక్కర్లేదు. ఎవరి పెట్టెకైనా ఫొటో కోసం బొక్క కొట్టడం నాకిష్టం లేదు, అదెంత పాతదైనా, ఎంత మూలపడినదైనా.

మాస్టారు

హార్మోనియం విప్పడం నాకు రాదు. యూట్యూబ్ చూసి విప్పేవాళ్లున్నారు, నేను ఆ పని చేయదలచుకోలేదు. సఖినేటిపల్లి అవతల ఒక పెద్దాయన ఉన్నారు, వాయిస్తారు, శ్రుతి చేస్తారు, రిపేర్లూ చేస్తారు. అందరూ మాస్టారనే అంటారు. నరసాపురంలో పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి దాటి వెళ్లి కలిశాను. లోపల ఫొటోలు తీయాలనగానే ఆయన కాసేపు నన్నూ, కాసేపు ఫోన్లో చూపించిన పియానో ఫొటోల్నీ చూశారు.

"లోపలేముంటాదండీ, దుమ్మూ బొద్దింకలూనూ" అన్నారు. మళ్లీ ఆయనే, "సరే రండి, విప్పి పెడతాను. తుడవమంటారా?"

తుడవొద్దన్నాను. ఫొటో అయ్యేదాకా దేన్నీ తుడవొద్దు, ఊదొద్దు, ఏ మేకూ మార్చొద్దు. రిపేరు చేసేవాడికి ఇది మింగుడు పడని మాట. ఆయన మర్యాదస్తుడు కాబట్టి ఏమీ అనలేదు.

ఆయన విప్పుతుంటే నేర్చుకున్నది రాస్తాను, ఫొటోలు అర్థం కావాలంటే ఇది తెలియాలి. చేత్తో తిత్తి నొక్కితే గాలి కింద ఉన్న లోపలి తిత్తిలోకి పోతుంది. దాని కింద స్ప్రింగులుంటాయి, అవి ఆ గాలిని సమంగా పైకి తోస్తుంటాయి. చెయ్యి ఆగినా స్వరం టక్కున ఆగకపోవడానికి కారణం ఆ స్ప్రింగులే. అక్కణ్ణుంచి గాలి ఒక పొడుగాటి అరలోకి వస్తుంది. ఆ అరకి పైకప్పు రీడ్ల చెక్క. రీడ్లు దాని అడుగున, తలకిందులుగా, మరల మీద బిగించి ఉంటాయి. చెక్కకి పైన, ఒక్కో బొక్క మీదా తోలు అంటించిన మూత. మెట్టు ముందుభాగం నొక్కితే వెనక మూత లేస్తుంది, గాలి రీడు సందులోంచి దూసుకుని పైకి పోతుంది, ఆ దారిలో నాలిక ఆడుతుంది. స్వరం అదే.

అంటే నేను తీయాల్సిన గది ఆ అర. రెండడుగుల లోపు పొడుగు, నాలుగు వేళ్ల ఎత్తు. అందులో మనిషి చూపు ఎప్పుడూ పడి ఉండదు. తయారు చేసినవాడు కూడా చెక్కని తిరగేసి చూశాడే తప్ప, బిగించాక లోపల నిలబడి చూసింది లేదు.

కాస్త చరిత్ర, దారిలో తగిలింది కాబట్టి

పంటులో తిరిగి వస్తూ మాస్టారు చెప్పిన మాట ఒకటి: "రేడియోవోళ్లు దీన్ని గుమ్మం బైటే నిలబెట్టీసేరండి." నిజమే. హార్మోనియం పేరుతో 1840లో పేటెంటు తీసుకున్నది పారిస్‌లో అలెగ్జాండర్ దెబెన్. అది కాళ్లతో తొక్కేది. కింద కూర్చుని ఒక చేత్తో తిత్తి వేసే రకం 1875లో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ తయారుచేశాడు. గమకం పలకదు, శ్రుతులు మన స్వరాలకి ఒదగవు అన్న వాదన మీద 1940లో ఆలిండియా రేడియో దాన్ని నిషేధించింది. 1948లో విజయవాడ కేంద్రం మొదలయ్యేనాటికే నిషేధం ఉంది. 1971లో గానీ సడలలేదు. ఆ ముప్పై ఏళ్లూ రేడియోలో పలకని పెట్టె మా ఊళ్ల పందిళ్లలో తెల్లవార్లూ పలికింది. గమకం గురించి పండితులు చెప్పింది తప్పు కాదు. కానీ మైకు లేని రోజుల్లో ఆఖరి వరస దాకా శ్రుతి వినబడాలంటే ఇంకేం పెట్టుకుంటారు?

ఆషాఢం, మొదటి వారం

అతుకు ఊడింది. పాత సరేసు జిగురు కాబట్టి తడిగుడ్డ వేసి ఉంచితే మెత్తబడి చెక్క పాడవకుండా వచ్చేసింది. ఫెవికాల్ అయితే చెక్క పొరతో సహా లేచేదని మాస్టారన్నారు.

ముందు చైనా ఎండోస్కోపు వైరుతో లోపల వెతికాను. ఫోనుకి తగిలించుకునే రకం, బైకు మెకానిక్కులు కూడా వాడుతున్నారు ఈ మధ్య. బొమ్మ ఎందుకూ పనికిరాదు, అంతా పాలిపోయి ఉంటుంది. కానీ ఏ మూల ఏముందో ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఖరీదైన లెన్సు గుడ్డిగా దూర్చి దేనికో కొట్టడం కంటే మేలు.

తర్వాత ప్రోబ్. దాని కొసకి గుండ్రంగా చిన్న ఎల్ఈడీ దీపాలుంటాయి, పవర్‌బ్యాంకుతో వెలుగుతాయి. అవి వేసి తీస్తే ఏం వచ్చిందంటే, రీడ్లన్నీ స్పష్టంగా వచ్చాయి, ఫొటో మాత్రం ఆస్పత్రి రిపోర్టులా ఉంది. లెన్సు ఎక్కడుందో దీపమూ అక్కడే ఉంటే నీడ ఉండదు. నీడ లేకపోతే లోతు లేదు. వస్తువుని దగ్గరగా తీశాడని తెలుస్తుంది అంతే, గదిలోకి వచ్చామనిపించదు. గదిలో వెలుతురు ఎప్పుడూ చూసేవాడి నుదుటి మీంచి రాదు కదా. కిటికీ నుంచో తలుపు నుంచో వస్తుంది.

అరలో కిటికీ లేదు.

మండువా

దీనికి దారి ఒక విరిగిన రీడు చూపించింది. మధ్య స్థాయిలో ఒక బాస్ రీడు నాలిక విరిగిపోయి ఉంది, ఎలాగూ మార్చాలి. మాస్టారు దాన్ని ఊడదీసి జేబులో వేసుకున్నారు, దాని కొలతకి ఇంకోటి తెప్పించడానికి. చెక్కలో దాని చోట పొడుగాటి సందు మిగిలింది. ఆ మెట్టు నొక్కి పట్టుకుంటే పైన మూత కాస్త ఏటవాలుగా లేస్తుంది, పైనుంచి వెలుతురు ఆ తోలు మూతకి తగిలి, మెత్తబడి, సందులోంచి అరలోకి జారుతుంది.

మా పాత మండువా లోగిళ్లు చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. చుట్టూ గదులు, పంచలు, అంతా మసక. నడిమధ్య కప్పు తెరిచి ఉన్న చోట మాత్రం పైనుంచి పడే తెల్లటి వెలుతురు, అక్కణ్ణుంచి అరుగుల మీదకీ స్తంభాల మీదకీ పాకుతుంది. వెలుతురు అలా ఉండాలి అని నేను అప్పటిదాకా అనుకుంటున్నదీ, ఎలా తేవాలో తెలియనిదీ అదే. మెట్టు మీద తూకపు గుండు పెట్టాను. పైన ట్రేసింగ్ పేపరు, దాని పైన మామూలు ఎల్ఈడీ ప్యానెలు. ప్రోబ్ దీపాలు ఆర్పేశాను. స్క్రీను మీద మొదటి బొమ్మ రాగానే పిన్నిగారిని పిలిచి చూపించాను.

"ఎవరిల్లు బాబూ ఇది?" అన్నారావిడ.

ఇంకో సంగతి అప్పుడే గమనించాను. లెన్సు ఎడమ నుంచి, అంటే మంద్ర స్థాయి వైపు నుంచి వెళ్తోంది. అక్కడి రీడ్లు పొడుగు, వెడల్పు. కుడికి పోయేకొద్దీ చిన్నవవుతూ పోతాయి. దగ్గరివి పెద్దగా దూరానివి చిన్నగా కనబడటం మామూలే. ఇక్కడ దూరానివి నిజంగానే చిన్నవి. దాంతో రెండడుగుల అర యాభై అడుగుల వసారాలా సాగిపోయింది. అదే తార స్థాయి వైపు నుంచి తీస్తే ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని గది కురచగా అయిపోతుంది. అతుకు ఎడమ పక్కన ఉండటం నా అదృష్టం. కుడి పక్కన ఉండి ఉంటే ఈ డైరీ వేరేలా ఉండేది.

పని పద్ధతి

చేసేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను, మిగతావాళ్లు దాటెయ్యొచ్చు. ఈ లెన్సు పెద్ద ఎపర్చరే ఎఫ్ 14. అంటే మొదటి నుంచీ చీకటి. ఐఎస్ఓ 100 దగ్గరే ఉంచాను, ఎక్స్‌పోజరు నాలుగు నుంచి ఎనిమిది సెకన్లు పడుతోంది. ఎపర్చరు ఇంకా మూస్తే లోతు పెరుగుతుంది గానీ డిఫ్రాక్షన్ వల్ల మొత్తం బొమ్మే మెత్తబడుతుంది. కాబట్టి ఎఫ్ 14 దగ్గరే ఉండి, ఫోకస్ కొద్దికొద్దిగా జరుపుకుంటూ చాలా ఫ్రేములు తీసి, తర్వాత కలపడమే. ముందరి రీడు నుంచి చివరి గోడ దాకా ప్రతిదీ స్పష్టంగా ఉండాలి. ఒక్క చోట మసకేసినా కన్ను 'ఓహో, ఇది చిన్న వస్తువు' అని పట్టేస్తుంది. మన కళ్లకి గదిలో అన్నీ స్పష్టంగా కనిపిస్తాయి. గది భ్రమ అంతా దీనిమీదే నిలబడి ఉంది.

కెమెరాని పట్టాల మీద జరిపే పద్ధతి ఇక్కడ పనికిరాదు. లెన్సు కదిలితే దగ్గరి రీడుకీ దూరపు రీడుకీ సంబంధం మారిపోతుంది, ఫ్రేములు కలవవు. కెమెరా కదలకుండా ఫోకస్ రింగే తిప్పాలి. రింగు చేత్తోనే తిప్పాలి కాబట్టి, దానికి ఐస్‌క్రీం పుల్ల ఒకటి టేపుతో అంటించి, కింద కాగితం మీద పెన్సిలుతో గీతలు పెట్టుకున్నాను. పుల్లని గీత నుంచి గీతకి జరపడం, చెయ్యి తీసేసి కాసేపు ఆగడం, ఫోను నుంచి షట్టరు కొట్టడం.

మేడ మీది గది వదిలేశాను. ఇంట్లో ఎవరు నడిచినా స్లాబు అదురుతుంది. కింద అరుగు మీదికి మార్చాను, రాతి అరుగు కదలదు. రోడ్డు మీద చేపల మేత లారీలు వెళ్లినప్పుడు మాత్రం ఆగాలి. రొయ్యల చెరువులున్న ఊళ్లో రోడ్డు ఖాళీగా ఉండే వేళ తెల్లవారుజామే. ఫ్యాను కట్టెయ్యాలి, దాంతో చెమటలు. ఏసీ కారులోంచి తెచ్చిన లెన్సు ఈ వానాకాలపు గాలికి వెంటనే మంచు పడుతుంది. సంచీలోంచి తీయకుండా అరగంట అలా వదిలేస్తే సర్దుకుంటుంది.

గదిలో ఇంకో ఇల్లు

అర పని నడుస్తుండగా ఒకరోజు వెనక తిత్తిలోకి కూడా తొంగిచూద్దామనిపించింది. తిత్తి పలకకి గాలి పీల్చుకునే బొక్కలుంటాయి, లోపలి వైపు తోలు పట్టీలు వాటిని మూస్తుంటాయి. ఆ తోలు ఎండి వంకర తిరిగి ఒక బొక్క తెరిచే ఉంది. లెన్సు అందులోంచే వెళ్లింది.

లోపల కుమ్మరి పురుగు గూడు కట్టింది. మడతల మధ్య చెక్క గోడకి, పక్కపక్కనే మట్టి గదులు, ఒక్కోదానికీ గుండ్రటి ద్వారం. ఎప్పుడో ఖాళీ చేసి వెళ్లిపోయింది. ఫొటోలో చూస్తే మట్టిపూతలో ఆ పురుగు తెచ్చి పెట్టిన ప్రతి ముద్దా విడివిడిగా తెలుస్తోంది. ఒక వరస కాస్త ఎర్రటి మట్టి, దాని మీది వరస నల్లటిది. వేర్వేరు చోట్ల తెచ్చిందో, మధ్యలో వాన పడిందో. పక్కన ఎత్తుగా లేచిన తిత్తి మడతలు. ఈ మొత్తం ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన ఫొటో ఇదే. హార్మోనియం ఫొటోగా మాత్రం దీన్ని ఎవరూ ఒప్పుకోరు.

మాస్టారు గూడు కొట్టేయడానికి స్క్రూడ్రైవరు తీశారు. రెండ్రోజులు ఆగమన్నాను. "పురుక్కి కూడా గడువిస్తున్నారా" అని నవ్వారు.

అక్కడే ఇంకో పని జరిగింది. గది చీకటి చేసి, లెన్సు తిత్తి లోపల ఉంచి, బయట నుంచి దీపం పెట్టి తీశాను, మడతల మీద వెలుతురు వెనకనుంచి వస్తే ఎలా ఉంటుందో చూద్దామని. మడతలు చీకట్లో ఉండిపోయాయి, మూలల్లో మాత్రం సూదిమొన బొక్కలు మెరిశాయి. గాలి కారే చోట్లన్నీ అవే. మాస్టారు మామూలుగా చెంప తడి చేసుకుని తిత్తి దగ్గర పెట్టి, చల్లగా తగిలిన చోట సుద్దతో గుర్తు పెడతారు. ఫొటోలో చుక్కలు ఆయన గుర్తులకి సరిపోయాయి, ఆయనకి దొరకని రెండు మూలలు అదనం. ఆ తర్వాత నా పని మీద ఆయనకి గురి కుదిరింది.

ఎర్రనీరు

గోదావరికి ఎర్రనీరొచ్చింది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరిందని మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. పంటు ఆగిపోయింది. మాస్టారు అవతల, పెట్టె ఇవతల, విప్పేసి ఉన్న మరలన్నీ నా బిస్కట్ డబ్బాలో. చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి ఆయన్ని బండి మీద తీసుకొచ్చాను. వానలో ఆ వయసు మనిషిని అంత దూరం తీసుకురావడం నాకే ఇబ్బందిగా అనిపించింది. ఆయనకి మాత్రం వరద చూడ్డం సరదా. వంతెన మీద ఆపించి కాసేపు చూశారు.

తోలు చెప్పిన సంగతి

వరదల వారంలో తీసింది మెట్ల కింది మూతల్ని. మెట్ల చట్రం మొత్తం ఊడదీసి తిరగేస్తే మూతల అడుగున తోలు కనిపిస్తుంది. ఏళ్ల తరబడి బొక్క అంచుకి నొక్కుకుని నొక్కుకుని ఆ తోలు మీద నలుచదరపు ముద్ర పడుతుంది. పక్క నుంచి, దాదాపు పడుకోబెట్టిన వెలుతురులో తీస్తే ఆ ముద్రల లోతు తేడాలు బయటపడతాయి. కొన్ని మూతలకి పల్చటి గీత. కొన్నిటికి తోలు నున్నగా అరిగి, అంచు లోతుగా దిగబడి, పక్కకి పొంగి ఉంది.

ఫొటోలు వరసగా పెట్టి మాస్టారికి చూపించాను. ఆయన వేలితో లెక్కపెట్టుకున్నారు. ఆయన చెప్పే అంకెలు శ్రుతులవి, తెల్ల మెట్లకి ఒకటి, రెండు అని, మధ్య నల్లవాటికి ఒకటిన్నర, రెండున్నర అని.

"నాలుగు. ఆ పైన ఒకటి. షడ్జం నాలుగు మీద పట్టి పంచమం పైదానికి వేసేవోరు. మగవేషం నాలుగు శ్రుతిలో పాడేవోడండి. ఇది చూడండి, ఐదున్నర, దాని పంచమం రెండున్నర. ఈ రెండూ దాదాపు అంతే అరిగేయి. ఆడవేషానికి ఆవిడెవరో వచ్చి పాడేది."

పిన్నిగారు వంటింట్లోంచే అందుకున్నారు. "వచ్చేది. రాజమండ్రి నుంచి. మావయ్యగారు ఆవిడికి తప్ప ఎవరికీ వాయించనని ఒక ఏడు భీష్మించుకు కూర్చున్నారుట. మా అత్తగారు చెప్పేవారు." అంటూనే కొడుకు వైపు చూసి ఆగిపోయారు. నేనూ తరిచి అడగలేదు.

రీడ్ల మీద కూడా ఇలాంటి రాతే ఉంది. శ్రుతి పెంచాలంటే నాలిక కొస దగ్గర గీస్తారు, బరువు తగ్గి వేగంగా ఆడుతుంది. తగ్గించాలంటే రివిట్ దగ్గర గీస్తారు, బిగువు తగ్గుతుంది. ప్రోబ్‌ని బాగా దగ్గరికి తీసుకెళ్తే ఈ గీతలు పొలంలో చాళ్లంత స్పష్టంగా ఉన్నాయి, కొన్నిటి మీద పచ్చటి చిలుము పట్టి, కొన్ని ఇంకా మెరుస్తూ. ఒకే నాలిక మీద కొసనా మొదట్లోనూ రెండు చోట్లా గీసినవి ఉన్నాయి. అంటే ఒకరు పెంచారు, ఇంకొకరు తగ్గించారు. మాస్టారు కళ్లద్దాలు ఎత్తి చూసి, "ఇది నా ఆకురాయి కాదు. ఎవడో అడ్డదిడ్డంగా లాగేడు" అన్నారు. ఆయన మాటలో కోపం ఉంది. బహుశా ఆ మనిషెవరో తెలుసు కూడా.

చుట్టూ కొత్త హార్మోనియంలు ఎన్నో ఉన్నాయి, అద్దం మూతలతో, నిగనిగలాడుతూ. ఎవరైనా అడిగితే కొత్తది తీయనని చెప్తాను. ఎవరూ వాయించని పెట్టెలో తీయడానికి వడ్రంగం తప్ప ఏముంటుంది?

కంప్యూటరు ముందు

ఫ్రేములు కలపడం హెలికాన్ ఫోకస్ అనే సాఫ్ట్‌వేర్‌లో. కలపడానికి అందులో ఏ, బి, సి అని మూడు పద్ధతులున్నాయి. ఇది విసుగు పని, కుదించి చెప్తాను. గోడలు, చెక్క ఉపరితలాలు బి పద్ధతిలో బాగా వచ్చాయి. రీడ్లు ఒకదానిమీద ఒకటి అడ్డం వచ్చే చోట మాత్రం అంచుల చుట్టూ పొగ చుట్టుకున్నట్టు వస్తోంది. సి పద్ధతిలో అంచులు శుభ్రంగా ఉన్నాయి గానీ మరకలూ మచ్చలూ రెట్టింపయ్యాయి. రెండూ తీసుకుని, రీడ్ల దగ్గర ఒకటి, గోడల దగ్గర ఇంకొకటి చేత్తో దిద్దాను. నా లాప్‌టాప్ ఈ బరువు మోయలేక మధ్యలో పడుకునేది. కరెంటు పోయినప్పుడల్లా మొదటి నుంచి.

రంగు విషయంలో ఒక నిర్ణయం. ఇత్తడిని బంగారంలా మెరిపించడం తేలిక. స్లైడరు ఒకటి జరిపితే చాలు, చూసేవాళ్లు లైకులు కొడతారు. నేను జరపలేదు. ఆ చిలుము, ఆ గోధుమరంగు మసి, మూలల్లో బూడిదరంగు దుమ్ము, ఉన్నవి ఉన్నట్టే వదిలేశాను. దుమ్ములో ఒక మూల చీమల బారు వెళ్లిన దారి కూడా ఉంది.

శ్రావణం ముందురోజు

లెన్సు తిరిగిచ్చేశాను. తార స్థాయి వైపు చివరి గోడని దగ్గరగా తీయలేదు, లోపలి తిత్తి స్ప్రింగులు అసలు తీయనేలేదు. స్ప్రింగుల దగ్గరికి వెళ్లాలంటే అడుగు చెక్క విప్పాలి, దానికి మాస్టారు ఒప్పుకోలేదు. అది విప్పితే మళ్లీ గాలి బిగువు పాత లెక్కకి రాదట. మళ్లీ మూఢం వచ్చినప్పుడు లెన్సు దొరుకుతుంది, కానీ ఈ పెట్టెలో కాదు. రాజోలు వైపు ఇంకో పెట్టె ఉందని మాస్టారే చెప్పారు, కాళ్లతో తొక్కే రకం. అది ఇంకా ఎవరూ విప్పలేదుట.

పాలితానా నుంచి తెప్పించిన రీడు వచ్చింది. గుజరాత్‌లో ఆ ఊరు రీడ్లకి పేరు. మాస్టారు దాన్ని కొస దగ్గర రెండుసార్లు ఆకురాయితో తాకించి, ఊది విని, బిగించారు. తిత్తి మూలలకి కొత్త గుడ్డ, సరేసు. బొక్కల తోళ్లు మార్చారు. అతుకు దాని చోటికి అదే తిరిగి వెళ్లింది. కుమ్మరి పురుగు గూడు ఆయన కొట్టేశారు. అది తిత్తికి అడ్డం, ఆపడానికి నాకు కారణం లేదు. మూతల తోలు మాత్రం మార్చనివ్వలేదు పిన్నిగారు. అరిగినవి ఇంకా గాలి ఆపుతున్నాయి కదా అన్నారు. ఆపుతున్నాయి, మాస్టారూ ఒప్పుకున్నారు.

ప్రింట్లు వేయించాను. మండువా ఫొటో పిన్నిగారికి, ఆవిడ దాన్ని హాల్లో మావయ్యగారి ఫొటో పక్కన కాదు, ఎదురుగా పెట్టించారు. మాస్టారికి ఏది కావాలో అడిగితే, గాలి కారే చుక్కల ఫొటో పెద్దది వేయించమన్నారు, షాపులో తగిలిస్తారట. "తిత్తి రిపేరుకి ఇంతా అంటే బేరాలాడతారండి జనం. దీన్ని చూపించి అడుగుతాను, ఇన్ని బొక్కలు మీకు కనపడ్డాయా అని."